గుర్రాల్లేని కంచ

ఇద్దరూ సికింద్రాబాద్ వాళ్లే. ఒకరు తహసీల్దారుగా రిటైరయ్యారు, ఇంకొకరు పశువైద్యులు. ఒకప్పుడు పశువుల మేతకు, దొరల వేటకు విడిచిపెట్టిన సర్కారు భూమిని ఇప్పుడు వేలం వేయవచ్చా అన్న దగ్గర ఇద్దరికీ పొసగదు. పేర్లతో పనిలేదు.

తహసీల్దార్: ముందు కాగితం చూద్దాం డాక్టర్ సాబ్. కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25. రెవెన్యూ రికార్డులో దాని గురించి ఉన్నవి నాలుగే మాటలు: కంచ, అస్తబల్, పోరంబోకు, సర్కారీ. అస్తబల్ అంటే గుర్రపుశాల. గుర్రాల మేతకని కంచె వేసి కాపాడిన నేల అన్నమాట. ఇప్పుడా గుర్రాలు లేవు, వాటినెక్కి తిరిగినవాళ్లూ లేరు. మిగిలింది ఆఖరి మాట ఒక్కటే, సర్కారీ. తన భూమిని తాను అమ్ముకునే హక్కు సర్కారుకు లేదంటే ఎట్లా?

డాక్టర్: మీరు మూడో మాటను దాటేశారు సాబ్. పోరంబోకు. శిస్తు రాని భూమి. శిస్తు రాదు కాబట్టి పనికిరాదన్నారు. చివరికి పనీపాటా లేకుండా తిరిగేవాణ్ని పోరంబోకు అని తిట్టేదాకా వచ్చింది వ్యవహారం. మేకకు, గొర్రెకు, కట్టెలేరుకునే ముసలమ్మకు అది ఎప్పుడూ పనికొచ్చిన భూమే. పహాణీలో వాళ్లకు గడి లేదు, అంతే తేడా.

తహసీల్దార్: కంచ ఆ ముసలమ్మ కోసం పెట్టింది కాదు కదా. పేరులోనే కంచె ఉంది. లోపలికి రానివ్వకపోవడమే దాని పని. పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్నది పుల్లరి అనే మేత పన్ను మీద తిరగబడే. అది ఇంగ్లీషువాడి అడవి, ఇది నిజాం కంచ. మందను తోలుకెళ్లేవాడికి రెండిట్లో ఏది మేలు? ఇక వేట. మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. చచ్చిన పులి నేల మీద, తుపాకి పట్టుకున్న దొర దాని వెనక. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు వేటకొచ్చినప్పుడు తీసిందీ ఆ వరసలోదే. అట్లాంటి వైభోగానికి అట్టిపెట్టిన నేల మీద ఇవాళ ప్రజల పేరు చెప్పి బెంగపడటం నాకు విడ్డూరంగా ఉంటుంది.

డాక్టర్: బెంగ దొర మీద కాదు. దొర తన సరదా కోసం కంచె వేశాడు, నిజమే. ఆ కంచె చాటున కొన్ని జీవాలు బతికి బయటపడ్డాయి. వనస్థలిపురం పక్కన హరిణ వనస్థలి నిజాం వేట భూమే. కృష్ణజింకలు అక్కడ మిగిలాయి కాబట్టే 1975లో దాన్ని మహావీరుడి పేరిట పార్కు చేశారు. 3,600 ఎకరాల పైమాటే. చిలుకూరు దగ్గర మృగవని కూడా వేట భూమే, 1994లో జాతీయ పార్కయింది. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న సుమారు 390 ఎకరాలు 1998లో కేబీఆర్ పార్కుగా నిలిచాయి. ఆ ఏడాది ఎవరైనా ఆ 390 ఎకరాలను గజాల లెక్కన కొలిచి అమ్మి ఉంటే ఖజానాకు మంచి డబ్బే వచ్చేది. ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు ఒక్కరుండేవారా?

తహసీల్దార్: కేబీఆర్ గేటు ముందు పొద్దున ఆరింటికి ఆగే కార్లు చూశారా? ఆ పార్కు ఎవరికి ఊపిరో అక్కడే తెలుస్తుంది. దొర పోయి వాకర్ వచ్చాడు, కంచె మాత్రం అట్లాగే ఉంది.

ఈ మాటకు డాక్టర్ దగ్గర వెంటనే జవాబు లేదు. వాదనలో ఇది తహసీల్దారుకు దక్కిన మొదటి పాయింటు.

డాక్టర్: ఒప్పుకుంటాను. హరిణ వనస్థలి కూడా ఇప్పుడు చుట్టూ కాలనీల మధ్య చిక్కిన దీవి. లోపలి జింకకు బయటి మందతో కలిసే దారి లేదు. పశువుల పెంపకం తెలిసినవాడెవడూ దాన్ని ఆదర్శమనడు. కానీ దీవి బాగా లేదని దీవిని కూడా ముంచేయమనడం ఏ లెక్క?

తహసీల్దార్: లెక్కంటే గుర్తొచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్ఎండీఏ వేలం పెడితే ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. మొత్తం 45 ఎకరాల చిల్లరకు 3,319 కోట్లు. సగటున ఎకరానికి 73 కోట్లు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఒక ఎకరం గరిక మీద ఎన్ని గొర్రెలు మేస్తాయి, డాక్టర్ సాబ్? మీ శాస్త్రమే చెప్పాలి.

డాక్టర్: మన బీడు నేలలో ఏడాది పొడవునా అయితే ఒకటో రెండో. వానాకాలంలో ఇంకాసిని.

తహసీల్దార్: రెండే అనుకుందాం. 177 కోట్ల నేల మీద రెండు గొర్రెలు! ఈ సంగతి ఊళ్లో చెబితే గొర్రెలకాపరే నవ్వుతాడు. ఆ డబ్బుతో ఎన్ని బడులు కట్టొచ్చు, ఎన్ని ఆసుపత్రులు నడపొచ్చు!

డాక్టర్: కట్టొచ్చు. కట్టారా అన్నది ప్రశ్న. ఇంట్లో బంగారం తాకట్టుపెట్టి పొలం కొంటే పెద్దవాళ్లు హర్షిస్తారు. అదే బంగారంతో నెలవారీ కిరాణా బాకీ తీరిస్తే? భూమి అమ్మిన డబ్బు బడ్జెట్‌లో రాబడి ఖాతాలో కలిసిపోతుంది, దానికి వేరే గుర్తుండదు. జీతాల్లో పోతుంది, పాత అప్పు వడ్డీలో పోతుంది. వచ్చే ఏడాది ఇంకో కంచ వెతకాలి.

తహసీల్దార్: ఇక్కడ మీతో నేను వాదించను. ఆస్తి అమ్మిన డబ్బు ఆస్తికే పోవాలి. అమ్మకం డబ్బుకు విడిగా ఒక ఖాతా పెట్టి, దేనికి ఖర్చయిందో జనానికి చూపించాలని చట్టం చేయమనండి, సంతకం పెడతాను. కానీ ఇంట్లోవాళ్లు దుబారా చేస్తారని ఆస్తికి విలువే లేదనకండి.

సంగతి పూర్తిగా తెలియని పాఠకులకు కంచ గచ్చిబౌలి కథ క్లుప్తంగా చెప్పాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. దానికి చూపించిన భూమి సుమారు 2,300 ఎకరాలు. అందులోంచి 534 ఎకరాలు 2004లో ప్రభుత్వం వెనక్కి తీసుకుని, బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చింది. వెనక్కి తీసుకున్నదాంట్లో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే సంస్థకు ఆటల అకాడమీల పేరిట వెళ్లాయి. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ కేటాయింపు రద్దు చేసింది. వ్యాజ్యం 2024 మార్చిలో హైకోర్టులో, మే నెలలో సుప్రీంకోర్టులో సర్కారు వైపే ముగిసింది. భూమి సర్కారు సంస్థ టీజీఐఐసీ చేతికొచ్చింది. 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు అన్నారు. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, పొక్లెయిన్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాల చెట్టూచేమా నేలకు ఒరిగాయి.

డాక్టర్: ఉగాది, రంజాన్ కలిసొచ్చిన సెలవులు చూసుకుని దిగడమేమిటి సాబ్? తన భూమి అని అంత నమ్మకమున్నవాడు పండగపూట, కోర్టుల తలుపులు మూసి ఉన్నప్పుడు వస్తాడా?

తహసీల్దార్: తెలివితక్కువ పని. చెట్టు కొట్టాలంటే మామూలు రైతు కూడా అనుమతి తెచ్చుకుంటాడు. అప్పటి చీఫ్ జస్టిస్ గవాయ్ ఆ అడవిని తిరిగి పెంచకపోతే అధికారులు జైలుకెళ్లాల్సి వస్తుందని హెచ్చరించారంటే తప్పు సర్కారుదే. పద్ధతి చెడ్డది. దాంతో అమ్మకమూ చెడ్డదైపోదు. మీవైపు మాత్రం అంతా నిక్కచ్చిగా జరిగిందా? కృత్రిమ మేధతో తయారుచేసిన జింకల బొమ్మలు ఫోన్లలో తిరిగాయి.

డాక్టర్: తిరిగాయి. అవి చేసినవాళ్లు అసలు జింకలకు ద్రోహం చేశారు. ఎందుకంటే అసలువి అక్కడే ఉన్నాయి. చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు. ఆ క్యాంపస్‌లోనే మొదట గుర్తించిన ఒక సాలీడు శాస్త్రీయ నామంలో హైదరాబాద్ పేరుంది. పక్కనే మష్రూమ్ రాక్. ఈ గుండ్ల వయసు 250 కోట్ల ఏళ్లంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. బొమ్మలు గీసుకోవాల్సిన ఖర్మేమీ లేదు.

తహసీల్దార్: అన్నీ ఉన్నాయి, సరే. ఎట్లా వచ్చాయి? ఇరవై ఏళ్లు కేసు నడిచింది కాబట్టి వచ్చాయి. ఎవరూ అడుగుపెట్టలేదు, తుమ్మ మొలిచింది, కానుగ మొలిచింది, వాటి నీడకు జింక చేరింది. ఇక్కడ నాకున్న భయం వేరు, కొంచెం ఓపిగ్గా వినండి. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? రికార్డులో ఏమున్నా సరే, నిఘంటువు ప్రకారం అడవిలా ఉంటే అది అడవే అంది. మంచి తీర్పు. కానీ ఒక్కసారి ఆఫీసులో కూర్చున్నవాడి కళ్లతో చూడండి. సర్కారు భూమిని పదేళ్లు ఖాళీగా ఉంచితే అడవైపోతుంది, ఇక ముట్టుకోలేం అని ప్రతి కలెక్టరుకు, ప్రతి కార్పొరేషన్‌కు అర్థమైంది. వాళ్లేం చేస్తారు? ఏటా ఎండాకాలం ముందు జేసీబీ పెట్టి శుభ్రంగా గీకించేస్తారు. ఒక్క కంచ గెలిచినందుకు మిగతా కంచలన్నిటికీ గుండు కొట్టిస్తారు.

డాక్టర్: ఇది... బలమైన మాటే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ తుమ్మ మొలిచింది కేసు వల్లనే అనకండి. దక్కన్ బీడు నేల స్వభావమే అంత. గుండ్లు, వాటి సందుల్లో గడ్డి, అక్కడక్కడా ముళ్లచెట్టు. పచ్చగా దట్టంగా ఉంటేనే అడవి అనుకునేవాళ్లకు ఇది ఎప్పుడూ పడావు భూమిలాగే కనిపిస్తుంది. గొర్రెకు మాత్రం ఇదే ఇష్టం. గుండ్ల మీద పడ్డ వాన కిందికి ఇంకి కుంటల్లోకి చేరేదీ ఇట్లాంటి చోటే. విశ్వవిద్యాలయం పక్కన బఫెలో లేక్ అని ఒక కుంటను పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు కదా.

తహసీల్దార్: ఇంకో భయం చెప్తాను, ఇది సర్వీసులో నేర్చుకున్నది. అమ్మని సర్కారు భూమి ఖాళీగా ఉంటుందనుకుంటున్నారు మీరు. ఉండదు. రాత్రికి రాత్రి కడీలు పాతుతారు. ఆనక రేకుల గది. ఆనక కరెంటు మీటరు, దాని బిల్లే రుజువు. 2014 డిసెంబరులో 58, 59 జీవోలు వచ్చాయి. 125 గజాల లోపు ఉచితం, పైన ఉంటే డబ్బు కట్టి క్రమబద్ధీకరణ. వేలంలో అమ్మితే కనీసం ధర పదిమంది ముందు పలుకుతుంది. అమ్మకపోతే చీకట్లో పోతుంది.

డాక్టర్: 125 గజాల గుడిసె వేసుకున్నవాడి మీద నాకు కోపం లేదు, మీకూ ఉండదు. పెద్ద ఆక్రమణదారు సంగతి వేరు. కాపలా కాయలేక అమ్మేస్తాననడం దొంగల భయంతో గొడ్డును కటికవాడికి అప్పజెప్పడమే. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి ఊళ్లకు అప్పగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అమ్మెయ్యమని చెప్పలేదు.

తహసీల్దార్: నిజాం వారసుడు కూడా కాపాడుకోలేకపోయాడు, మనమెంత? ముకర్రం జా కథ తెలుసుగా. 1970ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల మేత భూమిని కొన్నాడు. సుమారు 5 లక్షల ఎకరాలు! ఇక్కడి ప్యాలెస్‌లు వదిలి అక్కడి ఎర్రమట్టిలో బుల్డోజర్ నడిపాడని చెప్పుకుంటారు. చివరికి అప్పుల్లో అదీ చేజారింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయాడు, మక్కా మసీదులో మట్టిచేశారు.

డాక్టర్: అది ఆయన సొంత ఆస్తి. కొనుక్కున్నాడు, పోగొట్టుకున్నాడు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు, అంటే నిజాం సొంత భూములు, ఒక మనిషి చేతిలోంచి ప్రజల చేతికొచ్చాయి. ఆ రోజు మారింది అదే కదా. మళ్లీ ఒక్కో ముక్కా ఒక్కో కంపెనీ చేతికిచ్చే దానికైతే నిజాం దగ్గరే ఉంచాల్సింది!

ఇద్దరూ నవ్వారు. నవ్వు తర్వాత వాదన గచ్చిబౌలి వదిలి ఇంటి దగ్గరికొచ్చింది. బోయినపల్లి వైపు వెళ్లేవాళ్లందరికీ డెయిరీ ఫాం రోడ్డు తెలుసు. అది మిలిటరీ డెయిరీ మిగిల్చిన పేరు.

తహసీల్దార్: మీ వృత్తికి దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. మిలిటరీ ఫారాలు 1889 ఫిబ్రవరి 1న అలహాబాద్‌లో మొదలయ్యాయి. ఒక దశలో దేశమంతా 130 ఉండేవి. 2017లో కేంద్రం మిగిలిన 39 మూసేయాలని నిర్ణయించింది, 2021 మార్చి 31తో ఆ శాఖే ముగిసింది. బయట పాకెట్ పాలు దొరుకుతున్నప్పుడు సైన్యం బర్రెల్ని, ఆవుల్ని మేపుకోవాల్సిన పనిలేదు. దీన్ని మీరు తప్పంటారా?

డాక్టర్: అనను. బాధపడ్డాను కానీ తప్పనలేదు. మన దేశంలో కృత్రిమ గర్భధారణను వాడుకలోకి తెచ్చిన ఘనత ఆ ఫారాలది. హోల్‌స్టీన్ ఫ్రీజియన్‌ను సాహివాల్‌తో కలిపి ఫ్రీజ్‌వాల్ అనే జాతిని తయారుచేశారు. ఆ విద్య దేశమంతా పాకాక ఫారం పని అయిపోయింది. పని అయిపోయినదాన్ని మూయడం వేరు, నేలను అమ్మడం వేరు. సైన్యం మంద తీసేసింది, భూమి ఉంచుకుంది.

తహసీల్దార్: ఉంచుకుని ఏం చేసింది? గోడ కట్టింది. కంటోన్మెంట్‌లో గేట్లు పడితే సఫిల్‌గూడ, మల్కాజిగిరి జనం ఎంత చుట్టు తిరగాల్సి వచ్చిందో వాళ్లనే అడగండి. 2024 మార్చిలో రక్షణ శాఖ సుమారు 175 ఎకరాలు ఇవ్వడానికి ఒప్పుకుంటే తప్ప ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం రోడ్డు దాకా అయిదు కిలోమీటర్ల పైవంతెనకు శంకుస్థాపన జరగలేదు. ఏళ్ల తరబడి ట్రాఫిక్‌లో నిలబడ్డది సామాన్యుడు. కదలని భూమికి కూడా ఖరీదు ఉంటుంది డాక్టర్ సాబ్, అది ఎవరి పద్దులోనూ కనిపించదు.

డాక్టర్: రోడ్డుకివ్వడం నాకు అభ్యంతరం కాదు. రోడ్డు మీద అందరూ నడుస్తారు. ఒక పని నుంచి ఇంకో ఉమ్మడి పనికి మారింది. గేటు వేసిన టవరు అట్లాంటిది కాదు.

తహసీల్దార్: అయితే అమ్మొద్దు, లీజుకివ్వండి అంటారు కొందరు మధ్యేమార్గంగా.

డాక్టర్: 99 ఏళ్ల లీజంటే మనుమల కాలానికి అమ్మకమే. ఆ ముసుగుకన్నా మీ వేలమే నయం.

తహసీల్దార్: హమ్మయ్య, ఒక్కదాంట్లో కలిశాం. ఇంకొకటి అడుగుతాను. ఇక్కడ కట్టనివ్వకపోతే కట్టడాలు ఆగవు. శంకర్‌పల్లి వైపు, షాద్‌నగర్ వైపు పోతాయి. అక్కడ పోయేది పోరంబోకు కాదు, పట్టా భూమి, పండే భూమి. గుండ్ల మీద కట్టడమా, మడుల్లో కట్టడమా?

డాక్టర్: కోకాపేట అమ్మాక శంకర్‌పల్లి ఆగిందా? ఎకరం వంద కోట్లన్న వార్త విన్న మర్నాడే అక్కడ కూడా ధర పెరిగింది. సర్కారే వేలంలో ఆ ధర పలికిస్తే చుట్టుపక్కల సన్నకారు రైతుకు పొలం దున్నాలనిపిస్తుందా? మీరు మడిని కాపాడుతున్నాననుకుంటున్నారు. నాకేమో కోకాపేట పాటే మడిని కూడా వేలానికి పిలుస్తున్నట్టుంది.

తహసీల్దార్: అది అత్యాశ. దాన్ని ఏ కంచా ఆపలేదు.

డాక్టర్: నా వృత్తికి సంబంధించింది ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమలకు గొర్రెలు పంచింది. ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2019 పశుగణనలో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలు మన దగ్గరే తేలాయి, సుమారు కోటీ 90 లక్షలు. ఒక చేత్తో గొర్రెలిచ్చి ఇంకో చేత్తో బీళ్లు అమ్మితే ఆ మంద ఎక్కడికి పోవాలి? ఎండాకాలం వస్తే కాపరి పెళ్లాంపిల్లల్ని వదిలి మందతో నెలల తరబడి వలసపోతాడు. రోడ్డు పక్కన లారీ గుద్దితే పేపర్లో రెండు లైన్లు. ఎకరం 177 కోట్లన్నారు. ఆ మంద మేతకు ఎంత కట్టాలో ఆ ధరలో వేశారా?

తహసీల్దార్: గచ్చిబౌలి నడిబొడ్డుకు మందలు తోలుకొస్తారని మీరూ అనుకోరు.

డాక్టర్: గచ్చిబౌలికి రారు. నేను ఆ ఒక్కదాని గురించి మాట్లాడటం లేదు. రింగు రోడ్డు బయట ఇంకా కంచ, బంచరాయి, గైరాన్ అని పేర్లున్న సర్వే నంబర్లు మిగిలాయి. వాటి వంతు వస్తుంది.

తహసీల్దార్: వస్తుంది, కాదనను. అమ్మొద్దనే అనుకుందాం. రేపు భూభారతి రికార్డులో ఆ గడిలో ఏం రాయమంటారు? అడవి అని రాస్తే మేకను రానివ్వరు. మేత అని రాస్తే జింక మిగలదు. పోరంబోకు అని ఉంచితే ఏదో ఒక ఏడాది మళ్లీ వేలానికొస్తుంది.

డాక్టర్: మీరైతే ఏం రాసేవారు?

తహసీల్దార్: సర్వీసులో ఉంటే పైనుంచి వచ్చింది రాసేవాణ్ని.

డాక్టర్: ఇప్పుడు లేరుగా.

తహసీల్దార్: ఇప్పుడైతే... ముందు అక్కడ ఎవరు మేపుతున్నారో, ఎన్ని మందలో లెక్క రాయిస్తాను. అది చూడకుండా గడి నింపను. పాత రోజుల్లో పట్వారీకి ఇవన్నీ నోటికి వచ్చేవి. 2020లో వీఆర్వోలను తీసేశాక అడగడానికి ఊళ్లో మనిషే లేకుండా పోయాడు. ఇప్పుడు మళ్లీ గ్రామ పాలనాధికారులని వేశారు. వాళ్లను పంపిస్తే తేలుతుంది, పొద్దున్నే ఆరింటికి.

డాక్టర్: ఆరింటికి పంపితే ఒక్క గొర్రె కూడా కనబడదు సాబ్. మంచు ఆరేదాకా ఎవరూ మందను బయటికి తోలరు, తడి గడ్డి మేస్తే కడుపు చెడుతుంది. తొమ్మిది దాటాక పంపండి.